ఇక్కడ కేజీ, అక్కడ ఐదు

ఎండు నెల, మూడో రోజు

ఈ పుస్తకంలో ఎత్తిన సరుకు, ఎక్కిన మనుషులు తప్ప మరో ముక్క రాయకూడదని తవుడమ్మ ఆజ్ఞ. తవుడమ్మ మా తొట్టికి, అంటే సరుకెత్తే మా జట్టుకి పెద్ద. నలభై రెండేళ్ళలో ఆమె మాటగానీ, ఆమెకు ముందున్న వాళ్ళ మాటగానీ నేను దాటలేదు. ఇవాళ దాటుతున్నాను. నా కూతురు అసిరికి లెక్క ఇచ్చారు. ఈ సంగతి రాయకుండా ఉప్పు పన్నెండు బస్తాలు అని రాసి పుస్తకం మూసెయ్యడం నావల్ల కాదు.

లెక్క అంటే మామూలు లెక్క కాదు. ఉప్పునీళ్ళని తాగే నీళ్ళు చేసే యంత్రం పడవ మీద వస్తోంది. విప్పడానికి వీల్లేదట, ఒకే ముద్ద, రెండువేల తొమ్మిదొందల కేజీలు. అంత బరువు మా వాలు మీద ఎప్పుడూ ఎక్కలేదు. కొండ మీద ఊట సన్నబడి ఇంటికి రోజుకి రెండు బిందెలే దక్కుతున్నాయి. అది పైకి రాకపోతే వచ్చే వేసవికి మేం ఎక్కడుంటామో తెలియదు. అలాంటి దానికి లెక్క వెయ్యమని, ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల చేతికి పలకా బలపం ఇచ్చారు. నాకు చదువు ఐదో తరగతి. మా ఇంట్లో ఈ పిల్ల ఎలా పుట్టిందో నాకే తెలీదు. వాళ్ళమ్మ దాలమ్మ ఉంటే ఊరంతా బెల్లం పంచేది. బెల్లం లేదు కాబట్టి నేను ఊరంతా తిరిగి చెప్పి వచ్చాను, కొన్ని ఇళ్ళలో రెండేసి సార్లు.

పొద్దున్న పని మామూలే. వాలు పలక పైనుంచి కిందిదాకా చూశాను. మోటార్ల కాలం వాళ్ళు వేసి వెళ్ళిన పలక ఇది. రెండొందల మీటర్ల పొడవు, పడవల రేవు నుంచి కొండ నడుమ దాకా. దాని మీద దుమ్ము నిలవదు, చినుకు నిలవదు, బల్లి కూడా పాకలేదు. కందిపప్పు బద్ద ఒకటి చదునువైపు కిందికి పెట్టి వదలడం నా పరీక్ష. బద్ద ఆగితే పలక పాడైనట్టు. నలభై రెండేళ్ళుగా రోజూ ఒక బద్ద సముద్రానికి ఇస్తున్నాను. ఇవాళ కూడా తీసుకుంది.

ఎండు నెల, ఐదో రోజు

ఇవాళ అసిరి లెక్కకి మొదటి పరీక్ష. ఉప్పు, బండి, అసిరి కలిపి సరిగ్గా రెండువేల కేజీలు. అసిరి ఎందుకంటే, లెక్క వేసినవాళ్ళే బండెక్కాలి. అది మా కొండ కట్టుబాటు. తప్పు వేస్తే ముందు వాళ్ళే పోతారు కాబట్టి ఎవరూ చూసీ చూడనట్టు వెయ్యరు. దాన్ని ఎవరు పెట్టారో గానీ, కన్నవాళ్ళని అడిగి పెట్టలేదు.

బండికి కట్టిన తాడు పైన కప్పీ మీదుగా వెళ్ళి, కొండ అవతలి నిట్టనిలువు చరియ మీద మా తొట్టికి వేలాడుతుంది. తొట్టిలో మేం ఎక్కుతాం. మేం దిగితే బండి ఎక్కుతుంది. నలభై మీటర్లు దిగాక బండిని శీల వేసి నిలిపి, రెండొందల ఇరవై మెట్లెక్కి, ఖాళీ తొట్టిని పైకి లాక్కుని తాడు బిగించి, మళ్ళీ అందులోకి వస్తాం. ఇలా ఐదు దిగుళ్ళు అయితే ఒక సరుకు పైకి వస్తుంది. మనుషుల బదులు రాళ్ళు వెయ్యొచ్చుగా అని పడవవాళ్ళు ఎప్పుడూ అడుగుతారు. రాళ్ళు మెట్లెక్కవు.

తొట్టి బరువు అరవై. అసిరి లెక్క ప్రకారం మనుషులు మూడొందల నలభై కావాలి. తవుడమ్మ అంకెలు పిలిచింది. డెబ్బైఆరు అంటే నేను. అరవైనాలుగు అంటే ఆమె. మరో ముగ్గురు. తొట్టిలో మొదటిరోజు కాటా మీద ఏ అంకె పలికితే అదే మనిషికి పేరు. పేరు పెట్టి పిలవడం కన్నా అంకె పెట్టి పిలవడమే ఇక్కడ మర్యాద. పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా 'డెబ్బైఆరు గారి ఇల్లు ఇదేనా' అనే అడుగుతారు.

అందరం ఎక్కాం. ఎప్పటిలా కదలిక కోసం కేజీ చొప్పున రెండు రాళ్ళు వేశాం. తవుడమ్మ తొట్టి గొళ్ళెం వదిలింది. బండి రేవులోంచి లేవలేదు.

"ఏటే అసిరీ, లెక్క రాసినావా, ముగ్గేసినావా?" అని తవుడమ్మ అరిచింది.

ఒక్కొక్క రాయి వేస్తూ పోయాం. ఆ రెండూ కాక ఇరవై రెండు వేశాక బండి లేచింది. అసిరి ముఖం నాకు అంత దూరంలో కనపడలేదు గానీ, ఆ నిలబడ్డ తీరు చూస్తే తెలిసింది. ఎనిమిదేళ్ళప్పుడు కుండ పగలగొట్టి అలాగే నిలబడింది.

సాయంత్రం వాలు పొడవు మళ్ళీ కొలిచింది. ఎత్తు మళ్ళీ కొలిచింది. రెండొందలు, నలభై. మూడుసార్లు కొలిచినా అంతే. "పలకకి పట్టొచ్చేసింది గావాల" అంది తవుడమ్మ. "పట్టు లేదు, పొద్దున్నే బద్ద జారింది" అన్నాను నేను. "బద్ద జారితే ఏటి మామా, బండి అడుగు అరిగితే?" అంది. అసిరి ఆ మాట పట్టుకుంది.

వాళ్ళతో అననిది నా దగ్గర ఒకటుంది. మూడేళ్ళ కిందట రేవులో చేపల కాటా మీద సరదాకి నిలబడ్డాను. అరవై ఒకటి చూపించింది. కిందికి దిగి, చుట్టూ చూసి, వచ్చేశాను. అంకె పోయినవాణ్ణి మా దగ్గర సున్నా అంటారు. చెట్టునీడన కూర్చుని తాళ్ళు పేనతాడు. పదిహేను కేజీలే కదా, అంత కొండకి అదెంత అనుకున్నాను. మామూలు రోజుల్లో బండి లేవకపోతే ఒక బస్తా దించేసేవాళ్ళం, ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఎండు నెల, ఆరో రోజు

ఇవాళ పొద్దున్న వంటింట్లో అసిరి పలక ముక్క ఒకటి పీటకి ఆనించి వాలుగా పెట్టింది. దాని మీద గుమ్మడికాయ పెట్టింది. గుమ్మడికాయకి దారం కట్టి, దారాన్ని రోకలి మీదుగా అవతలికి వేసి, చివర చిన్న సంచీలో దోసకాయ వేసింది. గుమ్మడికాయ ఐదు కేజీలు, దోసకాయ ఒకటి. వదిలేసింది. రెండూ కదలకుండా నిలబడ్డాయి. నేను ఇన్నేళ్ళు ఇదే పని చేశాను గానీ ఇలా చూడలేదు. చూసి నవ్వొచ్చింది. అంత గుమ్మడికాయని అంత దోసకాయ పట్టుకోవడమేమిటి.

"ఎందుకు నిలబడింది సెప్పు నానా" అంది.

"దోసకాయ గట్టిది" అన్నాను.

"వాలు పొడుగు ఎత్తుకి ఐదింతలు. అందుకని ఐదో వంతు బలం చాలు. గుమ్మడికాయ బరువంతా దారం మీద లేదు, చాలావరకు పలకే మోస్తోంది. వాలు ఇంకా పొడుగు చేస్తే ఇంకా చిన్న దోసకాయ చాలు."

"అయితే వెయ్యి మీటర్లు వెయ్యాల్సింది. నేనొక్కణ్ణే లాగేసేవాణ్ణి."

"లాగుదువు. ఐదు దిగుళ్ళకి బదులు ఇరవై ఐదు దిగాలి. అన్నిసార్లూ మెట్లెక్కాలి. బలంలో మిగిలింది నీ మోకాళ్ళు కట్టాలి నానా. ఊరికే ఏదీ రాదు."

మోకాళ్ళ సంగతి నాకు చెప్పక్కర్లేదు. అడగాలనుకున్నది అడిగాను, ఎటో చూస్తూ. "తొట్టిలో ఓ పదిహేను కేజీలు తేడా వస్తే ఏమవుద్ది?"

అసిరి దోసకాయ చివర రవ్వంత ముక్క కోసి తీసింది. గుమ్మడికాయ కిందికి బయల్దేరింది. మెల్లగా బయల్దేరి, చివరికి వచ్చేసరికి నేల మీద పడి పగిలేంత జోరుగా వచ్చింది. చేతులు అడ్డం పెట్టి పట్టుకున్నాను.

"ఇక్కడ కేజీ తగ్గితే అక్కడ ఐదు కేజీలు తగ్గినట్టు. పదిహేనంటే డెబ్బై ఐదు. పలక నున్నగా ఉంటే దాన్ని ఆపేది ఇంకేటీ ఉండదు. తొట్టి ఎగిరి దూలానికి కొట్టుకుంటాది, తాడు తెగుతాది." పిల్ల గుమ్మడికాయని తుడిచి పక్కన పెట్టింది. "కానీ ఇప్పుడు ఆ భయం లేదు నానా. బండి అడుగున రాపిడి వచ్చింది కదా. కొంచెం తేడా ఉన్నా అదే పట్టుకుంటాది. శీల బిగుసుకుంటే కొట్టి తీసెయ్యొచ్చు."

తవుడమ్మ ఇచ్చిందని చెప్పి సుత్తి చూపించింది. మా దగ్గర శీల ఎప్పుడూ రెండు వేళ్ళతోనే రావాలి. తొట్టి బరువు సరిపోతే బండి శీల మీద వాలదు, శీల వదులుగా ఉంటుంది. సుత్తి కావలసి వచ్చిందంటే ఎక్కడో బరువు తక్కువన్నమాట. నలభై రెండేళ్ళలో వాలు మీద సుత్తి చూడలేదు.

నేను చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఈలోగా పిల్ల అంది, "తొమ్మిదో రోజు యంత్రం వచ్చినప్పుడు నువ్వు ఎక్కొద్దులే నానా. ఐదుసార్లు మెట్లు, నీవల్ల కాదు. వేరేవాళ్ళతో సరిపెట్టాను." హమ్మయ్య అనుకున్నాను. నేను తొట్టిలో లేకపోతే నా పదిహేనూ లేనట్టే. ఇక చెప్పక్కర్లేదు. గుమ్మడికాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఎండు నెల, తొమ్మిదో రోజు

ముందు ఇది రాస్తాను, చదివేవాళ్ళు కంగారు పడకుండా. అసిరి పైకొచ్చింది. యంత్రం పైకొచ్చింది.

పొద్దున్న పోటు మీద పడవ వచ్చింది. పోటు తీసేలోగా యంత్రాన్ని బండి మీదికి జరిపారు. యంత్రం, బండి, అసిరి కలిపి మూడువేల మూడొందలు. ఐదో వంతు ఆరొందల అరవై. తొట్టి పోగా మనుషులు ఆరొందలు, ఎనిమిది మంది. నేను పైన కప్పీ దగ్గర నిలబడ్డాను. అక్కడినుంచి ఇటు తొట్టీ, అటు వాలు మొత్తం కనిపిస్తాయి.

గొళ్ళెం వదిలారు. మామూలు రెండు రాళ్ళు కాక, ఏడు రాళ్ళకే బండి లేచింది. అందరూ సంతోషించారు. అసిరి ఒక్కతే కిందినుంచి అరిచింది. "అత్తా, రాపిడైతే బరువు పెరిగినప్పుడు రాళ్ళు ఎక్కువ పట్టాల. తక్కువ పట్టినాయేటి?"

"పలకకి ఇయ్యాల నీ మీద ప్రేమొచ్చింది. ఎక్కి రా" అంది తవుడమ్మ.

నాకు మాత్రం తెలిసిపోయింది. మొన్నటికీ ఇవాళ్టికీ తేడా నేనే. అయినా నేను తొట్టిలో లేనుగా. మొదటి దిగుడు, రెండోది, మూడోది. ఎంత హాయిగా వచ్చిందని. చప్పుడు లేదు, కుదుపు లేదు. అంత ఇనుప కొండ ఉయ్యాలలో పసిపిల్లలా వచ్చింది. దాని ముందు నా కూతురు, తలకి తుండు చుట్టుకుని. ప్రతి దిగుడుకీ శీల దగ్గర వంగి, రెండు వేళ్ళతో తీసి, నాకేసి చూపించేది. సుత్తి పక్కనే పడి ఉంది.

మూడో దిగుడు అయ్యాక మెట్లెక్కుతూ గంగులుకి పిక్క పట్టేసింది. వాడి అంకె ఎనభైరెండు. పైకొచ్చి కూలబడ్డాడు.

"డెబ్బైఆరూ, ఆరు రాళ్ళు తీసుకుని ఎక్కు" అంది తవుడమ్మ నాకేసి చూసి. "సరిగ్గా సరిపోద్ది."

ఎక్కాను. ఎందుకెక్కానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. అంకె పిలిస్తే కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి. ఆమె గొళ్ళెం వదిలింది. ఎనభై మీటర్ల దిగువన అసిరి వంగి శీల పట్టుకుంది. రాలేదు. రెండో చెయ్యి వేసింది. రాలేదు. పక్కకి తిరిగి సుత్తి తీసింది.

"కొట్టకు" అన్నాను. సుత్తి లేచింది. రెండోసారి అరిచాను. ఆ కేక సముద్రం దాకా వెళ్ళి ఉంటుంది. "ఒలే అసిరీ, సుత్తి పారెయ్యి. రాపిడి లేదు. నేను డెబ్బైఆరు కాను. అరవైఒకటి. నేను అరవైఒకటినమ్మా."

సుత్తి గాలిలో ఆగింది. తరవాత ఆ పిల్ల దాన్ని మెల్లగా కిందికి దించి, పలక మీద వదిలేసింది. అది జారుతూ, జారుతూ, అంతకంతకూ జోరందుకుని రేవులో నీళ్ళలో పడింది. ఎక్కడా ఆగలేదు. తొట్టిలో అందరూ దాన్నే చూశారు.

తవుడమ్మ గొళ్ళెం బిగించేసి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తొట్టిలో రాళ్ళకేసి చూసింది. "మొన్న ఇరవై రెండు రాళ్ళు పట్టినాయి. పదిహేను నీవైతే మిగతా ఏడు ఎవురివి మామా?" అంది.

"నాకెలా తెలుస్తాది?"

"నాకు తెలుసు" అంది. చీరకొంగు సర్దుకుని, అందరికీ వినపడేలా అంది, "నానూ అరవైనాలుగు కాను. యాభైఏడు. ఆ అరవైనాలుగు నా పెళ్ళినాటి అంకె."

గంగులు కింద కూర్చునే పిక్క రుద్దుకుంటూ నవ్వాడు. "అందరూ ఎండిపోయినారు. నానొక్కణ్ణే మాట మీద నిలబడ్డాను."

పదిహేను రాళ్ళు నా కాళ్ళ దగ్గర పెట్టారు. ఆమె ఏడూ పొద్దున్న వేసిన ఏడే. గొళ్ళెం వదిలారు. అసిరి వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ పిల్ల చెయ్యి పైకెత్తి ఉంది, రెండు వేళ్ళ మధ్య శీల.

మేం దిగుతున్నాం. నేను దిగడం ఎన్ని వేలసార్లో. కానీ నేను దిగుతున్న ప్రతి అడుక్కీ అవతల నా కూతురు ఒక అడుగు ఎక్కుతోందని ఇంత తెలిసి ఎప్పుడూ దిగలేదు. కిందికొచ్చాక మెట్లెక్కేటప్పుడు నా పదిహేను రాళ్ళూ తలా రెండు పంచుకున్నారు. "మామ పోగొట్టుకున్నదంతా మా బుజాలమీదే ఎక్కించినాడు" అని ఒకడు. "మళ్ళీ తినిపించండ్రా, మోత తగ్గుద్ది" అని ఇంకొకడు. నవ్వుతూ ఎక్కాను. మోకాళ్ళు నొప్పి పెట్టలేదని అనను.

ఐదో దిగుడు కూడా అయింది. మేం పైకి వచ్చేసరికి బండి కొండ నడుమన నిలబడి ఉంది. అసిరి దాని కిందకి చెయ్యి పోనిచ్చి అడుగంతా తడుముతోంది. లేచి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని మళ్ళీ అనుకున్నాను. ఇవాళ నా అంచనాలు ఒక్కటీ నిజం కాలేదు.

"అడుగు అద్దంలా ఉంది నానా. రాపిడి లేదు. అంటే నా లెక్క తప్పు కాదు" అంది. కళ్ళలో నీళ్ళు. "నాలుగు రోజులనుంచి నాకు లెక్క రాదనుకుంటన్నాను."

నేను ఆ పిల్ల పడిపోతుందని భయపడ్డాను గానీ, ఈ నాలుగు రోజులూ ఆ పిల్ల ఏం మోస్తోందో నాకు తట్టనే లేదు. తల మీద చెయ్యి వేశాను.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?"

"మూడేళ్ళు."

"నాతో సెప్పొచ్చు కాదేటి?"

"సున్నా అంటారని."

అసిరి తుండుతో ముఖం తుడుచుకుంది. "సున్నా అంటే ఏటో నీకు తెలీదు నానా" అంది. కానీ అప్పటికే జనం వచ్చి మీద పడ్డారు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఎండు నెల, పన్నెండో రోజు

ఇవాళ అందరం కాటా ఎక్కాం. ఇకమీద నెలనెలా ఎక్కాలట, అసిరి పెట్టిన కొత్త కట్టుబాటు. మొదట తవుడమ్మ ఎక్కింది, పెళ్ళికూతురిలా తల వంచుకుని. యాభైఏడు. తరవాత నేను. అరవైఒకటి, మూడేళ్ళుగా రవ్వ కూడా తగ్గలేదు. ఆ మాట అందరికీ చెప్పాను. గంగులు ఎనభైఆరు పలికాడు. పిక్క నొప్పని ఈ మూడు రోజులూ కూర్చుని తిన్నదే ఆ నాలుగూ. వాడు ఎవరి ముఖమూ చూడకుండా మెట్లవైపు వెళ్ళిపోయాడు.

నన్ను చెట్టునీడకి పంపుతారని తుండు కూడా సర్దుకున్నాను. అసిరి నన్ను పిలిచి, పలక మీద బలపంతో రాసి చూపించింది. అరవైఒకటి, పక్కన ఐదు, కింద ఆ రెండూ హెచ్చవేసిన అంకె.

"ఇంతయ్యిందా?" అన్నాను.

"మూడొందల ఐదు. నువ్వు తొట్టిలో కూర్చుంటే వాలు మీద అంత నిలబడుద్ది. రాపిడి లేదు కాబట్టి మధ్యలో ఎవరూ తినెయ్యరు, మొత్తం చేరుద్ది. సున్నా ఎక్కడుంది ఇందులో, చూపించు."

చూశాను. మూడుకీ ఐదుకీ మధ్యన ఒకటుంది. చూపించాను. నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. వాళ్ళమ్మ నవ్వు అది.

సాయంత్రం యంత్రం నుంచి మొదటి బిందె పట్టారు. కాస్త ఇనుము వాసన. రెండు గ్లాసులు తాగాను. పొద్దున్న బద్ద జారింది. తవుడమ్మ ఇప్పుడు నన్ను అరవైఒకటీ అని పిలుస్తోంది, నేను మొదటి రెండుసార్లు పలకలేదు, మూడోసారికి అలవాటైంది.

ఇది రాస్తూ నేనే ఒక లెక్క వేశాను, ఎవరి సాయం లేకుండా. అసిరి యాభై కేజీలు. నేను ఈ వాలు మీద మూడొందల ఐదు. అంటే నా కూతుర్లాంటి వాళ్ళని ఆరుగురిని నేనొక్కణ్ణే మోయగలను. ఇంకా ఐదు కేజీలు మిగులుతాయి. ఆ ఐదుకీ బిందెడు మంచినీళ్ళలో సగం పెట్టుకోమంటాను, దారిలో దాహమేస్తే తాగుతారు.

ఇవాళ ఎత్తిన సరుకు ఏమీ లేదు.